దుప్పటి మీద ఇంజిన్

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి హాజరు పుస్తకానికి ఒక్కదానికే తెలుసు. మిగతా లోకానికంతటికీ ఆవిడ తెల్లమ్మ. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్కేళ్లు పనిచేసింది. ఆవిడ చేతిలోంచి వచ్చిన దుప్పటి పరిస్తే, మాసిపోతుందేమోనని రోగులు కాళ్లు ముడుచుకుని కూర్చునేవారట. నర్సులు ముచ్చటపడి చెప్పుకున్న మాటే కావచ్చు. ఆవిడ మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా, "నాదేముందమ్మా, నీళ్లు దేవుడివి, ఎండ దేవుడిది. మధ్యలో రుద్దడమే నా వంతు" అని నవ్వేసేది.

రోజూ పొద్దున్నే గుట్టగా పోసిన మాసిన దుప్పట్ల మీద ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి, "వీటి మీద పడుకున్నవాళ్లను లేపి ఇంటికి పంపు స్వామీ" అనుకునేది. ఆ తర్వాతే చేతులు తడిపేది. రోగుల చొక్కాల జేబులు తడమడం ఆవిడ రెండో నియమం. కళ్లజోళ్లు, తాళంచెవులు, మడత పెట్టిన ఉత్తరాలు ఎన్ని దొరికేవో! ఒకసారి పెట్టుడు పళ్ల సెట్టు దొరికితే దాన్ని గిన్నెలో పెట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కింది. "ఇవి ఎవరి పళ్లు నాయనా?" అని వార్డు వార్డుకీ తిరిగితే, చివరికి ఒక ముసలాయన బోసినోటితో నవ్వి చెయ్యెత్తాడు.

పదవీ విరమణ అయ్యాక క్వార్టరు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చి అప్పటికి మూడు వారాలు. రెండు గదులు, ఒక వరండా, వరండా చివర కుళాయి. కొడుకు టీకాలు మోసే ఉద్యోగంలో ఉన్నాడు. ఐసు గడ్డలు పేర్చిన పెట్టెలో మందు సీసాలు పెట్టుకుని, బస్సులు పోలేని దారుల్లో మోటారుసైకిలు మీద వెళ్లి, అక్కడి నర్సుకు అందించి రావడం అతని పని. ఆ ఊళ్లలో అందరూ అతన్ని మంచుపెట్టె అన్న అంటారు. కోడలు చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలు కుడుతుంది. ఆ పిల్ల వేళ్లు ఎంత చురుకైనవంటే, మనం రెప్ప కొట్టి చూసేసరికి గుండీ కుట్టడం అయిపోతుంది. పనిచోట ఆమె గుండీల పిల్ల.

కొత్త ఇంట్లో తెల్లమ్మకు ఒక్కటే బెంగ. చేతులకు పనిలేదు. కోడలు దేనికీ అడ్డం చెప్పదు, అలాగని ఏదీ చెయ్యనివ్వదు. "కూర్చోండి అత్తయ్యా, ముప్పై ఏళ్లు నిలబడ్డారు" అంటుంది. ఆ మాటలోని ప్రేమ తెలుస్తూనే ఉన్నా, కూర్చుని కూర్చుని ఆవిడకు కాళ్లు తిమ్మిరెక్కేవి.

ఆ శనివారం మధ్యాహ్నం పాత తోటిపనివాళ్లను పలకరించి రావడానికి ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వరండాలో మోటారుసైకిలు కుడివైపు పొట్ట తెరుచుకుని, మీద గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంది.

"ఏమైందిరా దీనికి?"

"ఆయిల్ కారుతోందమ్మా. గేరు కూడా జారుతోంది. విప్పేశాం. రేపు పొద్దున బజారుకెళ్లి కొత్త ప్యాకింగు తెచ్చి బిగించేస్తే అయిపోతుంది."

"మెకానిక్ ఉన్నాడుగా వీధి చివర?"

"ఆయన ఊరెళ్లాడు. బుధవారానికి గాని రాడు. నాకు సోమవారం పొద్దున్నే బండి కావాలి. క్వారీ దగ్గర గుడిసెల్లో పంతొమ్మిది మంది పసిపిల్లలున్నారు. ఆ నర్సమ్మ నెలకొక్కసారే అక్కడికొస్తుంది. నేను తప్పితే మళ్లీ నెల దాకా వాళ్లకు సూది లేదు. ఇంకో బండివాడు సెలవులో ఉన్నాడు."

పంతొమ్మిది మంది! ఆ అంకె ఆవిడ మనసులో నిలిచిపోయింది. పడుకునే ముందు ప్రార్థనలో వాళ్లనూ కలుపుకుంది.

ఆదివారం తెల్లవారుతూనే కొడుకూ కోడలూ బజారుకు వెళ్లారు. తెల్లమ్మ కుళాయి దగ్గరికి వచ్చేసరికి బట్టలుతికే తొట్టి మీద ఒక దుప్పటి చుట్ట కనిపించింది. విప్పింది. తెల్ల దుప్పటే. కాని దాని ఒళ్లంతా నల్లటి మరకలు. పైగా ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసలు వరసలుగా నట్లు, బోల్టులు, స్ప్రింగులు, చిల్లుకాసుల్లాంటి పల్చటి వాషర్లు. ప్రతి ఒక్కదాన్నీ చొక్కాకు గుండీ కుట్టినట్టు దారంతో దుప్పటికి కుట్టేసి ఉన్నారు.

"అయ్యో నా తల్లీ, ఇవి ఎక్కడ పోతాయోనని ఎంత కష్టపడి కుట్టుకున్నావే" అని ఆవిడ మనసు కరిగిపోయింది. ఇన్నాళ్లకు చేతికొక పని దొరికింది. కత్తెర తెచ్చి ఒక్కో దారమూ జాగ్రత్తగా కత్తిరించింది. సామానంతా లెక్కపెట్టి బిస్కెట్ల డబ్బాలో వేసింది. నలభై మూడు. ఒక్కటి పోనివ్వలేదు. ఆ జిడ్డు చూస్తే చెయ్యి ఊరుకోక, పాత పళ్ల బ్రష్షుతో ఒక్కో నట్టునూ సబ్బు పెట్టి తోమి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ డబ్బాలో పోసింది. తర్వాత దుప్పటి. లాండ్రీలో అయితే సోడా వేసి ఉడకబెట్టేది. ఈ ఇంట్లో సోడా ఎక్కడిది? గోరువెచ్చటి నీళ్లూ బట్టల సబ్బే గతి. "ఏం సంసారమో, పిడికెడు సోడా ఉండదు" అని సణుక్కుంటూనే మూడు దఫాలు ఉతికింది. ఎండ కాస్తోంది, గాలీ వీస్తోంది. పది గంటలకల్లా దుప్పటి తీగ మీద పాలనురుగులా ఊగుతోంది.

వాళ్లిద్దరూ గేటు తీసుకుని వచ్చారు. కొడుకు తీగ వంక చూశాడు. అతని చేతిలోని సంచి నేల మీదికి జారింది.

"అమ్మా, ఆ దుప్పటి..."

"ఉతికాను నాన్నా. సామాను ఎక్కడికీ పోలేదులే. ఇదిగో, నలభై మూడూ ఉన్నాయి. తోమి పెట్టాను చూడు, ఎలా మెరుస్తున్నాయో."

కొడుకు డబ్బాలోకి చూసి తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పక్కింటావిడ గోడ మీదుగా చూస్తూనే ఉంది. "ఏమిటి వదినా, మీవాడి ఉద్యోగమే ఉతికి ఆరేశారా ఏమిటి?" అంది నవ్వుతూ. ఎవరూ నవ్వకపోయేసరికి నాలుక కరుచుకుని తల వెనక్కి తీసుకుంది.

కోడలు మెల్లగా చెప్పింది. రెండేళ్ల కిందట ఇలాగే బండి విప్పి మళ్లీ బిగిస్తుంటే, ఒకచోటి వాషరు ఇంకోచోట పడింది. ఇంజిన్ పక్కమూత పగిలి బండి రెండు నెలలు మూలపడింది. అప్పటినుంచీ అతను విప్పుతుంటే ఆమె పక్కన కూర్చుని, ఏది ముందు ఊడితే దాన్ని ముందు కుట్టేస్తుంది. దుప్పటి పై అంచు దగ్గర బయటి సామాను. కిందికి వస్తున్నకొద్దీ లోపలి సామాను. బిగించేటప్పుడు కింద నుంచి పైకి ఒక్కో దారమూ తెంపుకుంటూ పోతే చాలు, తప్పే జరగదు. కాగితం మీద రాస్తే నూనెకు చెరిగిపోతుంది. ఫోనులో ఫోటో తీస్తే వాషర్లన్నీ ఒక్క తల్లి పిల్లల్లా కనిపిస్తాయి.

"బోల్టులు పొడుగూ పొట్టీ చూసి ఎలాగో సర్దుతాను" అన్నాడు కొడుకు గొంతు తగ్గించి. "ఈ తొమ్మిది వాషర్లే. వీటి వెడల్పులో, మందంలో తేడా వెంట్రుకవాసి. ఏది ఎక్కడిదో తెలియకుండా బిగిస్తే మళ్లీ అదే పని అవుతుంది."

తెల్లమ్మకు తల తీసేసినట్టయింది. పంతొమ్మిది మంది పసిపిల్లలు ఆవిడ కళ్ల ముందు వరసగా నిలబడ్డారు. కోడలు దగ్గరికి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. సబ్బుకు నానిన వేళ్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి.

"మీకు చెప్పకపోవడం నా తప్పు అత్తయ్యా. తొట్టి మీద పెట్టిందీ నేనే. తొట్టి మీద పెట్టిన బట్టను ఎవరైనా ఉతకరూ?"

ఆ ఒక్క మాట కూడా అనకపోయి ఉంటే ఆవిడ ఏడ్చేదే. ఏడుపు దిగమింగుకుని, ఏం చెయ్యాలో తోచక, తీగ మీది దుప్పటి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కష్టం వచ్చినప్పుడు ఆ చేతులకు తెలిసింది ఒక్కటే. బల్ల మీద దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె తగిలించింది. వరండాలోంచి కొడుకు గొంతు వినిపిస్తోంది, "రేపు పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి, రాలేనని చెప్పాలి."

ఇస్త్రీపెట్టె రెండుసార్లు అటూ ఇటూ పోయింది. మూడోసారి వెనక్కి లాగేసరికి, తెల్లటి గుడ్డ మీద లేత గోధుమరంగులో ఒక గుండ్రటి గీత పైకి లేచింది.

"దొంగ మరక!" అంది పైకే.

లాండ్రీలో ఆ మాట తిట్టుతో సమానం. పైపైన పోయినట్టు కనబడి, దారాల లోపల నక్కి, ఇస్త్రీ వేడి తగలగానే బయటికొచ్చే నూనె మరకను వాళ్లు అలా అంటారు. ముప్పై ఒక్కేళ్లలో ఆవిడ చేతి దుప్పటికి దొంగ మరక ఉందని ఒక్క నర్సు కూడా వేలెత్తి చూపలేదు. ఇప్పుడు సొంత కొడుకు ఇంట్లో, సొంత చేత్తో ఉతికిన దుప్పటికి! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పెట్టె ఇంకాస్త జరిపింది. దాని పక్కన ఇంకో గీత. ఆ పక్కన ఇంకోటి. వరసగా.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వరస! ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బల్ల అంచు పట్టుకుంది. ఎన్ని వేల మరకలను పొమ్మని బతిమాలింది జీవితమంతా! పోని మరక ఒకటి తన కోసం ఉండిపోయిందని అర్థమైంది. "స్వామీ, ఉండనీ. దీన్ని ఉండనీ" అని గొణిగి, గుమ్మంలోకి వచ్చి కేక వేసింది.

"ఒరేయ్, డబ్బా పట్టుకురా! అమ్మాయ్, నువ్వూ రా!"

ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. తెల్లమ్మ ఒక్కో జానెడు మేర వేడి చేస్తూ పోయింది. పెట్టె తీసిన చోటల్లా లేత మచ్చలు పైకి తేలాయి. నిలువు గీతలు బోల్టులవి, చుట్టలు స్ప్రింగులవి, గుండ్రటి గీతలు వాషర్లవి. కోడలు ముందుకు వంగి చూసి, "ఇదిగో, ఇక్కడ నా దారం ముక్క ఇంకా ఉంది. ఇది మూడో వరస" అంది. కొడుకు ఒక్కో వాషరునూ మచ్చ మీద పెట్టి చూశాడు. సరిపోయినవి గీత మీద గీతలా కూర్చున్నాయి.

రెండు వాషర్లు మాత్రం రెండు మచ్చలకూ సరిపోతున్నాయి. కొడుకు తల అడ్డంగా ఊపాడు.

"ఉండు" అని తెల్లమ్మ వంగి, మొదటి మచ్చను ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది. వేలితో రుద్దింది. "ఇందులో మట్టి కలిసింది. ఎర్రమట్టి. దారి దుమ్ము తగిలిన సామాను ఇది. బయటిది." రెండో దాన్ని కూడా అలాగే చూసింది. "ఇది వట్టి మాడిన నూనె. మట్టి లేదు. ఇది గాలి మొహం చూడని సామాను."

"నువ్వు తోమేసిన వాషర్లలో ఏది బయటిదో ఎలా చెప్పడం?"

"పళ్ల బ్రష్షు అంచు లోపలికి పోదురా. గోటితో గీకి చూడు."

గీకి చూశాడు. ఒకదాని లోపలి అంచున గోరు చివర ఎర్రగా అంటింది. అతను తల్లి వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అమ్మా, నీకు ఇంజిన్ ఎప్పటినుంచి తెలుసు?"

"నాకు ఇంజిన్ తెలీదురా. మురికి తెలుసు."

కోడలు కిసుక్కున నవ్వింది. ఆ రోజు ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

మధ్యాహ్నం అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు. పక్కింటావిడ గిన్నె నిండా అన్నం, కూర తెచ్చి కిటికీలో పెట్టి, "పొద్దున నోరు జారాను వదినా, మనసులో పెట్టుకోకండి" అని చెప్పి వెళ్లింది. ముగ్గురూ నిలబడే నాలుగు ముద్దలు తిన్నారు. ఎనిమిది వాషర్లకు చోటు దొరికింది. తొమ్మిదోది అన్నిటికంటే పల్చటిది, రేకులాంటిది. దాని మచ్చ ఎక్కడా లేదు.

"అది ఆఖరి వరసలో కుట్టాను" అంది కోడలు. "అక్కడ రెండు చోట్లు. కుడిచివరా, ఎడమచివరా? కుడిచివర అయితే గేరు పక్కది. ఎడమచివర అయితే కిక్కు రాడ్డుది. నాకు సరిగ్గా గుర్తురావడం లేదు అత్తయ్యా."

తెల్లమ్మ ఆ రెండు చోట్లా మూడుసార్లు వేడి చేసింది. ఏమీ లేవలేదు. ఇంకా వేడి చేస్తే గుడ్డ మాడుతుంది. గడియారం నాలుగు కొట్టింది. కొడుకు కిటికీ దగ్గరికి వెళ్లి, ఇటు తిరగకుండా నిలబడ్డాడు. ఒక్క వాషరు తప్పితే మూత మళ్లీ పగులుతుంది. రేపటి ప్రయాణం లేదు.

ఆవిడ కళ్లు మూసుకుంది. ఏమని అడిగిందో ఆవిడకూ దేవుడికీ మాత్రమే తెలియాలి. కళ్లు తెరిచి, గ్లాసులోని నీళ్లలో వేళ్లు ముంచి, ఇస్త్రీకి ముందు బట్ట మీద చిలకరించినట్టు ఆ వరస పొడుగునా సన్నగా చిలకరించింది. అరచేత్తో మెల్లగా అద్దింది. పొడిగుడ్డ నీరు పీల్చుకుని కాస్త నలుపు తిరిగింది. కుడిచివర అంతా ఒకే రంగు. ఎడమచివర మాత్రం, తడిసిన గుడ్డ నడుమ, నీరు అంటని ఒక సన్నటి వలయం తెల్లగా మిగిలిపోయింది.

కంటికి కనబడని నూనె అది. మూడు ఉతుకులూ దాన్ని కదపలేదు, వేడీ దాన్ని లేపలేదు. నీరు మాత్రం దాన్ని గుర్తుపట్టి పక్కకు తప్పుకుంది.

కొడుకు వచ్చి ఆ రేకు వాషరును వలయం మీద పెట్టాడు. తెలుపు మొత్తం దాని కింద దాగిపోయింది. కోడలు చేత్తో నోరు మూసుకుంది. తెల్లమ్మ ఆ చోటు వంక చాలాసేపు చూసింది. తాను పుట్టినప్పటినుంచీ చేతులు పెడుతున్న నీళ్లే అవి. వాటికి ఇంత చూపు ఉందని ఆవిడకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

"కిక్కు రాడ్డుది" అన్నాడు కొడుకు.

చీకటి పడకముందే బిగించడం అయిపోయింది. కింద వరస నుంచి పైకి, కోడలు ఒక్కో సామాను అందిస్తుంటే అతను ఒక్కోటీ పెట్టాడు. డబ్బా అడుగున ఏమీ మిగల్లేదు. కొత్త ఆయిల్ పోశాడు. మొదటి కిక్కుకు బండి దగ్గింది. రెండోదానికి ఊరుకుంది. మూడోదానికి వరండా అంతా దద్దరిల్లింది. వీధి చివర దాకా వెళ్లి, గేర్లన్నీ మార్చి చూసి తిరిగొచ్చాడు. ఇంజిన్ కింద గుడ్డ పెట్టి తీస్తే పొడిగా ఉంది.

సోమవారం పొద్దున ఏడింటికి మంచుపెట్టె వెనక కట్టుకుని బయల్దేరాడు. ఆ రోజంతా తెల్లమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. గేటు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో పక్కింటావిడ లెక్కపెట్టి చెప్పింది, "పదకొండు, వదినా." సాయంత్రం అయిదింటికి బండి చప్పుడు వినబడింది. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ముతో దిగాడు. పెట్టె మూత తెరిచి చూపించాడు. ఖాళీ.

"పంతొమ్మిది మందీ వచ్చారా?"

"ఇరవై మంది అమ్మా. పోయినవారం ఇంకొకరు పుట్టారట."

"అందరికీ సరిపోయిందా మందు?"

"సరిపోయింది."

తెల్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇంకా ఏదో అడగాలని నోరు తెరిచి, "మరి, ఏడ్చారా?" అంది.

"ఏడవకేం, క్వారీ అంతా ఒకటే గోల. ఆ పోయినవారం పుట్టిన పిల్ల తప్ప. అది కళ్లు తెరిచి నన్నే చూస్తూ పడుకుంది."

"చూసిందా!" అంది ఆవిడ. ఆ పసిదాని చూపు తన మీదే పడినట్టు, అలాగే నిలబడిపోయింది.